కొత్తగా బిగించిన కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతోంది

నల్లగొండ నుంచి:
మిత్రులకు నమస్కారం. చెల్లెలి చదువు కోసం భాగాలు విడిగా కొని నేనే బిగించిన కంప్యూటర్, ఖాళీగా ఉన్నప్పుడే ప్రాసెసర్ వేడిని 70 డిగ్రీలుగా చూపుతూ, వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టగానే 100కు చేరి ఆగిపోతోంది. విండోస్‌లో లోపాలు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్-పవర్ 41 అనే సందేశం వస్తున్నందున పవర్ సప్లైని అనుమానిస్తున్నాను. మార్చమంటారా?

మహబూబ్‌నగర్ నుంచి:
తమ్ముడూ, తొందరపడి కొనవద్దు. 41 అనేది కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. ఖాళీగా ఉండగానే 70 ఉందంటే ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ దానికి సరిగా ఆనలేదని నా నమ్మకం. ఆ రెంటి మధ్య వేడిని చేరవేసే థర్మల్ పేస్టు మెత్తబడేలా కాసేపు నడిపి, ఆపేసి, ప్లగ్ తీసి, కూలర్‌ను నిలువుగా లాగకుండా మెల్లగా తిప్పుతూ తీయండి. అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర మిగిలిపోయిందేమో చూడండి. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠానీ గింజంత కొత్త పేస్టు పెట్టి, మరలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి.

దేవరకొండ నుంచి:
మన దగ్గర మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక, క్యాబినెట్‌ను గోడ అలమారలో పెట్టకండి. ముందు ఫ్యాన్ గాలిని లోపలికి, వెనుక ఫ్యాన్ బయటికి పంపాలి. వేడి తగ్గినా ఆగిపోతుంటే, బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎంపీని ఆపేసి, మెమ్‌టెస్ట్86 అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో ర్యామ్ స్టిక్‌లను ఒక్కొక్కటిగా పరీక్షించండి.

నల్లగొండ నుంచి:
అన్నా, ఆ పొర నిజంగానే ఉంది! ఇప్పుడు ఖాళీగా 42, ఎడిటింగ్‌లో 78. రెండు గంటలు నడిపినా ఆగలేదు. ర్యామ్ పరీక్ష ఈ రాత్రికి పెడతాను.