పిల్లల ఉబ్బసానికి ఇమ్యునోథెరపీ: తీసుకున్నవారి అనుభవాలు కావాలి

ఉప్పల్ అమ్మ:
మా తొమ్మిదేళ్ల బాబుకు ఉబ్బసంతో పాటు పొద్దున లేవగానే ఆగకుండా తుమ్ములు వస్తాయి. చర్మం మీద చుక్కలు వేసి సూదితో గుచ్చి అలర్జీ దేనికో చూసే స్కిన్ ప్రిక్ టెస్టులో డస్ట్ మైట్స్ (ఇంటి దుమ్ములో ఉండే, కంటికి కనబడని పురుగులు), బొద్దింక, వయ్యారిభామ పుప్పొడి, ఇంకా చాలా వాటికి దద్దులు లేచాయి. అలర్జీ తెచ్చే పదార్థాన్నే ఇంజెక్షన్లుగా కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే ఇమ్యునోథెరపీ మొదలుపెడితే మూడు నుంచి ఐదేళ్లు సాగించాలని డాక్టరు గారు అన్నారు. ఇంట్లో పెద్దవారు మృగశిర కార్తె నాడు నాంపల్లిలో చేప ప్రసాదం ఇప్పిస్తే చాలంటున్నారు. ఈ చికిత్స ఎలా సాగుతుందో, ఇన్‌హేలరు ఎప్పుడు మానవచ్చో తెలిసినవారు దయచేసి చెప్పండి.

కృష్ణాతీరం, విజయవాడ:
డస్ట్ మైట్స్‌కు ఈ ఇంజెక్షన్ల కోర్సు నేను పూర్తిగా తీసుకున్నాను. మొదటి నెలల్లో వారం వారం మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చి, తగిన మోతాదుకు చేరాక నెలకొకసారికి మార్చారు. మొదటి వర్షాకాలమంతా నాకు ఏ తేడా కనిపించలేదు. రెండో ఏడాదిలో తుమ్ములు, రాత్రిపూట పిల్లికూతలు బాగా తగ్గాయి. ఇన్‌హేలరును నా అంతట నేను మానలేదు. ఊదించే పరీక్ష ఫలితం చూసి డాక్టరే అంచెలంచెలుగా తగ్గించారు. చేప ప్రసాదం విషయంలో పెద్దల మనసు నొప్పించనక్కరలేదు గాని, దాని కోసం బాబు ఇన్‌హేలరును మాత్రం ఒక్కరోజు కూడా ఆపకండి.

డాలస్ నర్సు:
ఉప్పల్ అమ్మ గారూ, నేను అలర్జీ క్లినిక్‌లో పనిచేస్తాను. ఇంజెక్షను తరువాత అరగంట అక్కడే కూర్చోబెట్టని చోట ఈ చికిత్స తీసుకోకండి. ఒళ్లంతా దద్దులు లేచి, గొంతు బిగుసుకుని, రక్తపోటు పడిపోయే అనాఫిలాక్సిస్ అరుదే అయినా, వస్తే చాలావరకు ఆ అరగంటలోనే మొదలవుతుంది కనుక, దానికి విరుగుడుగా ఇచ్చే అడ్రినలిన్ మందు సిద్ధంగా ఉంచుకున్న వైద్యుల కళ్లెదుట ఉండాలి. బాబుకు ఆయాసంగా ఉన్న రోజున ఇంజెక్షను వాయిదా వేయాలి. ఉబ్బసం అదుపులోకి రాకముందు అసలు మొదలుపెట్టకూడదు. నాలుక కింద ఇచ్చే మందుతో ఇలాంటి ప్రమాదం తక్కువ. డస్ట్ మైట్స్ వల్ల వచ్చే ముక్కు అలర్జీకి అలాంటి మాత్రను అమెరికాలో 2017లో అనుమతించారు. దానికి కూడా మొదటి మోతాదు డాక్టరు సమక్షంలోనే వేయాలి.

ఓరుగల్లు మాస్టారు:
నా దృష్టిలో అసలు ప్రశ్న టెస్టు గురించి. దద్దు లేచిన ప్రతిదీ జబ్బుకు కారణం కాదు. వయ్యారిభామ వల్లనే అయితే వానల తరువాత, ఆ మొక్క విరగబూసిన బీళ్ల పక్కన బాధ పెరగాలి. డస్ట్ మైట్స్ వల్లనైతే ఏడాది పొడవునా, ముఖ్యంగా పరుపు మీద, పాత దుప్పట్లు దులిపినప్పుడు పెరగాలి. మా అమ్మాయికి ఒకచోట పాజిటివ్ వచ్చినవన్నీ ఒకే సీసాలో కలిపి ఇస్తామన్నారు. వేరే నిపుణులను అడిగితే, అలా కలిపితే ఒక్కొక్కదాని మోతాదు చాలకుండా పోతుందని, పైగా బొద్దింక, బూజు సారాల్లోని ఎంజైములు పుప్పొడి సారాన్ని పాడుచేయవచ్చని వివరించి, డస్ట్ మైట్స్‌కు మాత్రమే ఇచ్చారు. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ ఈ పద్ధతిని మొదలుపెట్టినప్పుడు కూడా గడ్డి పుప్పొడి అనే ఒక్క కారణాన్ని పట్టుకునే ముందుకు వెళ్లాడు.

ఉప్పల్ అమ్మ:
మాస్టారు గారూ, మా బాబుకు ఏడాది పొడవునా ఉంటుంది, పరుపు మీదే ఎక్కువ. సీసాలో ఏమేమి కలుపుతారో రాసివ్వమని డాక్టరు గారిని అడుగుతాను. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు వెళితే ఇంజెక్షన్లు తప్పుతాయి, అప్పుడెలా?

డాలస్ నర్సు:
వెళ్లే తేదీలు ముందే చెబితే చాలావరకు సర్దుబాటు చేస్తారు. విరామం ఎక్కువైతే ఆగిన మోతాదు దగ్గరే మళ్లీ మొదలుపెట్టకూడదు. ఎన్ని వారాలు తప్పాయో చూసి డాక్టరు మోతాదు తగ్గించి, మళ్లీ పెంచుకుంటూ వస్తారు. సీసా వెంట తీసుకెళ్లి ఊళ్లో ఎవరిచేతనైనా వేయించడం మాత్రం వద్దు.