పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌కి వట్టి "16" ట్యాగ్ పెట్టి ఆటో అప్‌డేట్‌కి వదిలేయడం సబబేనా?

పెన్నాతీరం (చర్చ మొదలుపెట్టినవారు)

మా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కంటైనర్‌లో నడుస్తోంది. కంపోజ్ ఫైల్లో (కంటైనర్ సెట్టింగులు రాసే ఫైలు) దాని ఇమేజ్ ట్యాగ్, అంటే వెర్షన్ గుర్తు, వట్టి 16. రోజూ అర్ధరాత్రి కొత్త ఇమేజ్ లాగి కంటైనర్‌ని రీస్టార్ట్ చేసే స్క్రిప్ట్ ఉంది. ఇప్పుడు లాగ్ నిండా ఒకటే వార్నింగ్: ఈ డేటాబేస్ కొలేషన్ (అక్షరాల వరుస క్రమం రూల్స్) వెర్షన్ 2.36తో తయారైంది, ఆపరేటింగ్ సిస్టమ్ ఇస్తున్నది 2.41. పోస్ట్‌గ్రెస్ మేజర్ వెర్షన్ మారలేదు. మారింది ఇమేజ్‌లో దాని కింద ఉన్న లినక్స్, అంటే డెబియన్. 2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చాక, డెబియన్ పేరు తగిలించని ట్యాగులన్నీ బుక్‌వర్మ్ (డెబియన్ 12) నుంచి ట్రిక్సీకి (డెబియన్ 13) మారాయి. దాంతోపాటే అందులోని గ్లిబ్‌సీ (సిస్టమ్ లైబ్రరీ) 2.36 కాస్తా 2.41 అయింది.

డేటా 400 జీబీ దాకా ఉంది. ఈ వార్నింగ్‌కి ఏం చేయాలి? ఆటో అప్‌డేట్ ఉంచాలా, తీసేయాలా? రెండింటికీ కారణాలతో చెప్పండి.

కొత్తపేట_కుర్రోడు

ఆల్టర్ డేటాబేస్ రిఫ్రెష్ కొలేషన్ వెర్షన్ కొట్టండి అన్నా. వార్నింగ్ పోతుంది.

డీబీఏ_మూర్తి

దయచేసి అలా కొట్టకండి. ఆ కమాండ్ చేసే పని ఒక్కటే, కేటలాగ్‌లో (డేటాబేస్ తన వివరాలు రాసుకునే టేబుళ్లు) రాసున్న 2.36ని తీసి 2.41 అని రాస్తుంది. ఇండెక్స్‌లో ఒక్క పేజీని కూడా ముట్టుకోదు.

టెక్స్ట్ కాలమ్ మీద బీ-ట్రీ ఇండెక్స్ అంటే విలువల్ని ఒక క్రమంలో పేర్చి డిస్క్ మీద ఉంచడం. లిబ్‌సీ కొలేషన్ (ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే క్రమం) వాడే డేటాబేస్‌లో ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చేది గ్లిబ్‌సీ. అది రూల్ మార్చుకుంటే డిస్క్ మీదున్న క్రమం తప్పైపోతుంది. అప్పుడు వెతుకులాట వేరే పేజీలోకి వెళ్లి "లేదు" అని తిరిగొస్తుంది. రో టేబుల్లోనే ఉంటుంది, సీక్వెన్షియల్ స్కాన్‌లో కనబడుతుంది, ఇండెక్స్ దారిన మాత్రం దొరకదు. యూనిక్ ఇండెక్స్ అయితే ఇంకా ప్రమాదం. ఉన్న ఈమెయిల్ కనబడదు కాబట్టి అదే ఈమెయిల్‌తో రెండో రోని రానిస్తుంది.

మీ సర్వర్‌లోనే చూసుకోవచ్చు. 1-1 అని ఒక లైన్, 11 అని ఒక లైన్ రాసి, లొకేల్ అమెరికన్ ఇంగ్లిష్ యూటీఎఫ్-8గా పెట్టి సార్ట్ కమాండ్‌కి ఇవ్వండి. గ్లిబ్‌సీ 2.28కి ముందున్న మెషీన్‌లో 11 ముందొస్తుంది. 2.28 నుంచి 1-1 ముందొస్తుంది. హైఫన్ ఉన్న ఇన్‌వాయిస్ నంబర్లు, పార్ట్ నంబర్లు ఎన్ని ఉంటాయో మీకే తెలుసు.

కాబట్టి ముందు రీఇండెక్స్ (ఇండెక్స్‌ని కొత్తగా కట్టడం), ఆ తర్వాతే రిఫ్రెష్.

గోల్కొండ_ఖిల్లా

మూర్తిగారూ, మీరు చెప్పిన ఉదాహరణ 2018లో వచ్చిన 2.28ది. సెంటోస్ 7లో ఉన్నది 2.17, డెబియన్ 9లో 2.24. వాటి నుంచి పైకి వచ్చినవాళ్లకి ఇండెక్సులు నిజంగానే చెడిపోయాయి, కాదనను. కానీ ఇక్కడ అడిగింది 2.36 నుంచి 2.41 గురించి. ఈ రెండింటి మధ్య ఈయన డేటా క్రమం మారిందని మీ దగ్గర ఆధారం ఉందా? లేకుండా 400 జీబీకి రీఇండెక్స్ రాసివ్వడం ఏంటి?

వార్నింగ్ అంటున్నది "వెర్షన్ మారింది" అని మాత్రమే. "క్రమం మారింది" అనడం లేదు.

డీబీఏ_మూర్తి

మారలేదని మీ దగ్గర ఆధారం ఉందా? గ్లిబ్‌సీ ప్రాజెక్టు ఒక వెర్షన్ నుంచి ఇంకో వెర్షన్‌కి కొలేషన్ క్రమం మారదని హామీ ఇవ్వదు. హామీ లేని చోట నిరూపించాల్సింది "ఏం కాదు" అనేవాళ్లు.

పైగా 400 జీబీ మొత్తాన్ని చేయమని నేనెక్కడ అన్నాను? నంబర్లు, యూయూఐడీ, తేదీల మీద ఉన్న ఇండెక్సులకి కొలేషన్‌తో పనే లేదు. టెక్స్ట్, వార్‌చార్, చార్, సీఐటెక్స్ట్ కాలమ్‌ల మీద ఉన్నవి చాలు. పీజీ_ఇండెక్స్ కేటలాగ్‌లో ఇండ్‌కొలేషన్ సున్నా కానివి తీసి, అందులోంచి సీ కొలేషన్‌వి (వట్టి బైట్ల క్రమం) వదిలేస్తే మీ జాబితా తేలుతుంది. చాలా స్కీమాల్లో అది మొత్తంలో చిన్న ముక్కే. సిస్టమ్ కేటలాగుల జోలికి పోనక్కర్లేదు, వాటిలోని పేర్లు సీ కొలేషన్‌తోనే ఉంటాయి.

సముద్రం_గాలి

రెప్లికా (డేటాబేస్ నకలు సర్వర్) ఉందా? ప్రైమరీ ట్రిక్సీకి వెళ్లి ఫిజికల్ స్టాండ్‌బై బుక్‌వర్మ్‌లోనే ఉండిపోతే, క్రమం తేడా వచ్చిన రోజున స్టాండ్‌బై మీద చదివేవాళ్లకి తప్పు జవాబులు వస్తాయి. స్టాండ్‌బై పేజీలను యథాతథంగా కాపీ చేసుకుంటుంది మరి. లాజికల్ రెప్లికేషన్‌కి ఈ గొడవ లేదు, అది రోలు పంపుతుంది, ఇండెక్స్ అవతలివైపు కట్టుకుంటుంది.

గోల్కొండ_ఖిల్లా

అనుమానం ఉంటే పరీక్ష చేయాలి, తిరగకట్టడం కాదు. పరీక్ష ఉంది కూడా. పీజీ_ఏఎమ్‌చెక్ అనే టూల్ పోస్ట్‌గ్రెస్ 14 నుంచి వస్తోంది. దానికి రూట్‌డిసెండ్ ఆప్షన్ ఇస్తే ఇండెక్స్‌లోని ప్రతి ఎంట్రీనీ ఇవాళ్టి గ్లిబ్‌సీ రూల్‌తో రూట్ నుంచి మళ్లీ వెతుకుతుంది. దొరక్కపోతే చెబుతుంది. హీప్ ఆల్ ఇండెక్స్డ్ కూడా జోడిస్తే టేబుల్లో ఉండి ఇండెక్స్‌లో లేనివి బయటపడతాయి. రెండూ పాసైతే రిఫ్రెష్ కొట్టొచ్చు, రీఇండెక్స్ అవసరమే లేదు.

డీబీఏ_మూర్తి

రూట్‌డిసెండ్ ఇస్తే పేరెంట్ చెక్ దానంతట అదే వస్తుంది. పేరెంట్ చెక్ టేబుల్ మీద షేర్ లాక్ తీసుకుంటుంది, అంటే ఆ టేబుల్‌కి రాతలు ఆగుతాయి. ప్రొడక్షన్‌లో పగటిపూట నడిపితే ఫోన్లు మొదలవుతాయి. రీఇండెక్స్ కంకరెంట్లీ (పని నడుస్తుండగానే ఇండెక్స్ కట్టడం) రాతల్ని ఆపదు. మీరు తేలిక అంటున్నదే ఇక్కడ బరువు.

కంకరెంట్లీకి జాగ్రత్తలు ఇవి: కట్టే ఇండెక్స్ సైజంత ఖాళీ డిస్క్ అదనంగా ఉండాలి. మధ్యలో ఆగిపోతే చివర సీసీన్యూ అని ఉన్న చెల్లని ఇండెక్స్ మిగిలిపోతుంది, దాన్ని డ్రాప్ చేసి మళ్లీ మొదలెట్టాలి. యూనిక్ ఇండెక్స్‌లో ఇప్పటికే డూప్లికేట్లు దూరి ఉంటే కట్టడమే ఫెయిలవుతుంది. అందుకే ముందు ఇండెక్స్ స్కాన్, ఇండెక్స్ ఓన్లీ స్కాన్, బిట్‌మ్యాప్ స్కాన్ మూడూ ఆ సెషన్‌లో ఆఫ్ చేసి, గ్రూప్ బై పెట్టి ఒకటికంటే ఎక్కువున్నవి తీయండి. ఆఫ్ చేయకపోతే ఆ చెడిన ఇండెక్స్ మీదే ఆధారపడి "డూప్లికేట్లు లేవు" అని వస్తుంది. ఏఎమ్‌చెక్‌తో యూనిక్ పరీక్ష పోస్ట్‌గ్రెస్ 17లో వచ్చింది, 16లో లేదు.

మంజీర_డెవ్

పోస్ట్‌గ్రెస్ 14 వాడేవాళ్లు ఇది చదివి తొందరపడకండి. 14.0 నుంచి 14.3 దాకా కంకరెంట్లీతో కట్టిన ఇండెక్సులే చెడిపోయే బగ్ ఉంది. 2022 జూన్‌లో 14.4తో సరిచేశారు. ముందు మైనర్ అప్‌డేట్, తర్వాత రీఇండెక్స్.

గోల్కొండ_ఖిల్లా

లాక్ సమస్యయితే ఫిజికల్ బ్యాకప్ తీసి, వేరే మెషీన్‌లో అదే ట్రిక్సీ ఇమేజ్ మీద లేపి అక్కడ రూట్‌డిసెండ్ నడపండి. ప్రొడక్షన్‌కి ఏమీ తెలియదు. పీజీ డంప్ (డేటాబేస్‌ని ఫైల్‌గా ఎగుమతి చేసే టూల్) తీసి రీస్టోర్ చేస్తే మాత్రం కుదరదు, అది ఇండెక్సుల్ని కొత్తగా కడుతుంది కాబట్టి పరీక్ష ఎప్పుడూ పాసే.

ఉయ్యూరు_చెరకు

ఇదంతా ఎందుకు? సీ కొలేషన్‌తో డేటాబేస్ పెట్టుకుంటే బైట్ల క్రమమే. గ్లిబ్‌సీ ఏమైనా చేసుకోనీ.

మంజీర_డెవ్

తెలుగు పేర్ల లిస్టు స్క్రీన్ మీద చూపించేవాళ్లకి అది అంత తేలిక కాదండీ. బైట్ల క్రమంలో ళ వెంటనే ల తర్వాత వస్తుంది, వర్ణమాలలో హ తర్వాత రావాలి. క్ష పేర్లన్నీ క గుంపులో దూరతాయి, ఎందుకంటే యూనికోడ్‌లో అది క, పొల్లు, ష. క్ష చివర ఉండాలనుకునే ఓటరు లిస్టు, స్కూలు హాజరు పట్టీ లాంటివి తేడాగా వస్తాయి.

ఐసీయూకి (యూనికోడ్ క్రమం ఇచ్చే ఇంకో లైబ్రరీ) మారితే బయటపడతామనుకోవడం కూడా తప్పే. బుక్‌వర్మ్‌లో ఐసీయూ 72, ట్రిక్సీలో 76. దానికీ వెర్షన్ నమోదవుతుంది, దానికీ ఇదే వార్నింగ్ వస్తుంది. నాకు సబబనిపించేది: ఇండెక్సులు, కీలు సీ క్రమంలో, పోస్ట్‌గ్రెస్ 17, ఆపైన అయితే బిల్టిన్ ప్రొవైడర్‌తో (పోస్ట్‌గ్రెస్ సొంత క్రమం). స్క్రీన్ మీద చూపే క్వెరీలో మాత్రమే ఆర్డర్ బై దగ్గర తెలుగు ఐసీయూ కొలేషన్. డిస్క్ మీద నిలిచేది గ్లిబ్‌సీని గానీ ఐసీయూని గానీ నమ్ముకోదు. క్ష గురించి మీ క్లయింటు పట్టుబడితే ఐసీయూ ఇచ్చే క్రమం కూడా ముందు చూసుకోండి.

కొత్తపేట_కుర్రోడు

ఆల్పైన్ (ఇంకో చిన్న లినక్స్) ఇమేజ్‌కి మారితే? అందులో గ్లిబ్‌సీయే లేదుగా.

డీబీఏ_మూర్తి

వద్దు తమ్ముడూ. ఆల్పైన్‌లో మసల్ లిబ్‌సీ, దానికి భాషలవారీ క్రమమే తెలియదు. డెబియన్ మీద కట్టిన డేటా ఫోల్డర్‌ని ఆల్పైన్ కింద పెడితే క్రమం కచ్చితంగా మారుతుంది. వెర్షన్ నంబర్ కూడా ఇవ్వదు.

ఇక అసలు ప్రశ్నకి నా జవాబు. ఆటో అప్‌డేట్ స్క్రిప్ట్ ఇవాళే ఆపేయండి. ట్యాగ్‌ని మైనర్ వెర్షన్, డెబియన్ పేరుతో సహా కట్టేయండి, అంటే అక్కడే ఆపేయండి. డేటాబేస్ కింద లైబ్రరీ ఎవరూ చూడని వేళ మారిపోవడం ఒప్పుకోలేను.

గోల్కొండ_ఖిల్లా

ఆపేశాక ఏమవుతుందో చెప్పండి. కట్టేసిన ట్యాగ్‌ని మళ్లీ విప్పేదెవరు? ఓ వెండర్ పోస్ట్‌గ్రెస్ 11 మీద కట్టేసి పోయిన సర్వర్లు ఇప్పటికీ నా నెత్తిన ఉన్నాయి. 11కి సపోర్ట్ 2023 నవంబర్‌లోనే అయిపోయింది. "తర్వాత అప్‌గ్రేడ్ చేద్దాం" అన్నవాళ్లు ఒక్కరూ తిరిగి రాలేదు.

2025 ఫిబ్రవరిలో లిబ్‌పీక్యూ (పోస్ట్‌గ్రెస్ క్లయింట్ లైబ్రరీ) కోటింగ్ ఫంక్షన్లలో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం సరిచేశారు. ఆగస్టులో పీజీ డంప్‌లో లోపం: ఒరిజినల్ సర్వర్ సూపర్‌యూజర్ డంప్‌లోకి కోడ్ దూర్చి, రీస్టోర్ చేసేవాడి మెషీన్‌లో నడిపించొచ్చు. రెండూ మైనర్ అప్‌డేట్లలోనే వచ్చాయి. మీ పద్ధతిలో ఇవి ఎవరికి, ఎప్పుడు చేరతాయి?

డీబీఏ_మూర్తి

ఆ మైనర్ అప్‌డేట్ల సంగతే చెబుతాను. 2024 నవంబర్ 14న 17.1, 16.5 వచ్చాయి. ఒక స్ట్రక్చర్ సైజు మారడంతో పాత హెడర్లతో కంపైల్ చేసిన టైమ్‌స్కేల్ లాంటి ఎక్స్‌టెన్షన్లు దెబ్బతిన్నాయి. వారం తిరిగేలోపు, 21న, 17.2, 16.6 విడుదల చేయాల్సొచ్చింది. మీ అర్ధరాత్రి స్క్రిప్ట్ ఆ మధ్య వారంలో ఏం చేసుండేది?

గోల్కొండ_ఖిల్లా

ఒక వారం తప్పుకి ఏళ్ల తరబడి ప్యాచులు ఆపుతారా? ఆ వారాన్ని పట్టుకుని వేలాడుతున్నారు మీరు!

డీబీఏ_మూర్తి

డేటా పోతే జవాబు చెప్పుకునేది నేను, మీ స్క్రిప్ట్ కాదు! రెండో రో దూరిన యూనిక్ కాలమ్‌ని సరిచేయడం అంటే ఏది అసలు, ఏది నకలు అని బిజినెస్ వాళ్లతో కూర్చుని ఒక్కొక్కటీ తేల్చడం. ప్యాచ్ ఒక వారం ఆలస్యమైతే వచ్చే నష్టం, ఆ నష్టం ఒకటి కాదు.

గోల్కొండ_ఖిల్లా

మీ ఆఫీసులో మీరున్నారు కాబట్టి అలా అనగలుగుతున్నారు. రిలీజ్ నోట్స్ చదివే మనిషి ఉన్న చోట కట్టేయండి, నేనెప్పుడూ కాదనలేదు. ఆ మనిషే లేని చోట్లు ఎక్కువ. చిన్న ఆసుపత్రి, కాలేజీ, ముగ్గురుండే కంపెనీ. అక్కడ ఆటో అప్‌డేట్ తీసేస్తే అప్‌డేటే ఉండదు. నా పట్టుదల గ్లిబ్‌సీ గురించి కాదు, దాని గురించి.

డీబీఏ_మూర్తి

ఆ మనిషి లేని చోట ఇండెక్స్ చెడితే పట్టుకునేవాడు కూడా ఉండడు, ఏడాది తర్వాత బ్యాకప్పులన్నీ చెడినవే మిగులుతాయి. నేను చెప్పేది కూడా అదే మనిషి గురించి. మనిషిని పెట్టుకోకుండా డేటాబేస్ పెట్టుకోకూడదంటాను.

గోల్కొండ_ఖిల్లా

పెట్టుకోలేనివాళ్లు పెట్టుకున్నారు, ఉన్నారు. వాళ్లకి ఏం చెబుతారు?

సముద్రం_గాలి

వాళ్లకి 16-బుక్‌వర్మ్ లాంటి ట్యాగ్. మైనర్ ప్యాచులు వస్తూనే ఉంటాయి, డెబియన్ మాత్రం కదలదు. మూర్తిగారి భయం, మీ భయం రెండూ చాలావరకు తీరతాయి.

గోల్కొండ_ఖిల్లా

చాలావరకే. ఆ ఇమేజ్‌లు ఏకకాలంలో రెండు డెబియన్లకే కడతారు. ట్రిక్సీ చేరగానే బుల్స్‌ఐ (డెబియన్ 11) పోయింది. రేపు ఇంకో డెబియన్ వస్తే బుక్‌వర్మ్ పోతుంది. ట్యాగ్ అక్కడే ఉంటుంది, పుల్ కూడా ఎర్రర్ లేకుండా అవుతుంది, కొత్త ప్యాచ్ మాత్రం ఇక రాదు. కాబట్టి నడుస్తున్న మైనర్ వెర్షన్‌ని విడుదలైన దానితో పోల్చి మెయిల్ పంపే చెక్ ఒకటి పెట్టాలి. మైనర్లు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్లలో వస్తాయి. ఆ నెల దాటి రెండు వారాలైనా వెర్షన్ మారకపోతే మోగాలి.

పెన్నాతీరం

ఇప్పుడు వెనక్కి బుక్‌వర్మ్‌కి వెళ్తే సరిపోతుందా మరి? ట్రిక్సీ మీద కొన్ని రోజులు రాతలు జరిగాయి.

డీబీఏ_మూర్తి

ఊరికే వెళ్తే సరిపోదు. క్రమంలో నిజంగా తేడా ఉంటే, ఈ రోజుల్లో చేరిన రోలు 2.41 రూల్ ప్రకారం కూర్చుని ఉంటాయి. వెనక్కి వెళ్లాక 2.36కి అవే తప్పు చోట ఉన్నట్టవుతాయి. ఎటు వెళ్లినా టెక్స్ట్ ఇండెక్సులు చూసుకోక తప్పదు. ఎలాగూ తప్పదు కాబట్టి ట్రిక్సీలోనే ఉండి, ఒక్కసారి రీఇండెక్స్ చేసి, ట్యాగ్‌ని 16-ట్రిక్సీగా రాయండి. టెక్స్ట్ కాలమ్ మీద రేంజ్ పార్టిషన్లు (విలువల హద్దుల ప్రకారం టేబుల్ ముక్కలు) ఉంటే విడిగా చూడండి. వేరే పార్టిషన్‌లో పడ్డ రోని రీఇండెక్స్ కదిలించదు.

గోల్కొండ_ఖిల్లా

ట్రిక్సీలోనే ఉండమన్నది సరైన మాట. రీఇండెక్స్‌కి ముందు కాపీ మీద పరీక్ష నడిపి, ఫలితం ఇక్కడ పెట్టండి పెన్నాతీరం గారూ. మారిందో లేదో ఒక డేటా మీదైనా తెలుస్తుంది.

పెన్నాతీరం

కాపీ మీద నడిపి పెడతాను. ఇంకో అనుమానం: టెస్ట్ కోసం కొత్త డేటాబేస్ క్రియేట్ చేయబోతే టెంప్లేట్1 (కొత్త డేటాబేస్‌లకి మూస) కొలేషన్ వెర్షన్ సరిపోలడం లేదని ఎర్రర్ కొట్టి ఆగిపోతోంది.

సముద్రం_గాలి

రిఫ్రెష్ డేటాబేస్‌కి విడివిడిగా చేయాలి. టెంప్లేట్1కీ, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కీ కూడా. మీ టేబుళ్లేవీ వాటిలో లేకపోతే అక్కడ రీఇండెక్స్ లేకుండా నేరుగా రిఫ్రెష్ కొట్టొచ్చు.