తెల్ల ఎలుగుబంటి దగ్గర కెమెరా పెట్టె: నన్నే బిగించమంటున్నారు, ఒప్పుకోమంటారా?

మూడులాంతర్ల ఫోటో:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. మూడు లాంతర్ల దగ్గర సందులో చిన్న స్టూడియో నడుపుతున్నాను. 1991లో డార్క్‌రూమ్‌లో ప్రింట్లు కడిగే కుర్రాడిగా ఈ పనిలోకి వచ్చాను. ఇండు బ్లాక్ అండ్ వైట్ ఫిలిం పోయి కలర్ రోలు వచ్చినప్పుడు, రోలు పోయి డిజిటల్ వచ్చినప్పుడు, ఇక మీ పని అయిపోయిందనే అన్నారు అందరూ. నేర్చుకున్నాం, నిలబడ్డాం. ఈసారి మాత్రం నాకు దారి తోచడం లేదు. ఈ పనిలో ఉన్నవాళ్ళు నాలుగు మాటలు చెప్తారని రాస్తున్నాను.

విశాఖ వెళ్ళే హైవే పక్కన ఒక ఆటల పార్కు ఉంది. పేరు వద్దులెండి. ఆదివారాలు, దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, నాలుగేళ్ళుగా అక్కడ ఫోటోలు మావే. లోపల రేకుల షెడ్డులో ఒక తెల్ల ఎలుగుబంటి వేషం, ఒక కుందేలు వేషం ఉంటాయి. సాయంత్రం నాలుగు నుంచి ఏడున్నర దాకా పిల్లలు వరసలో వచ్చి వాటికి చెయ్యిచ్చి, పక్కన నిలబడి ఫోటో దిగుతారు. మా అప్ప కొడుకు ఒకడు, వాడికి తోడు ఇంకో కుర్రాడు తీస్తారు. ప్రింటు 120 రూపాయలు. అందులో మాకు 45, మిగతాది పార్కుకి. జనం బాగా వచ్చిన ఆదివారం తొంభై ప్రింట్ల దాకా పోతాయి.

పోయిన నెల మేనేజరు పిలిచాడు. "మాస్టారూ, వచ్చే నెల నుంచి కుర్రాళ్ళు అక్కర్లేదు. స్తంభానికి పెట్టెలో కెమెరా బిగిస్తాం. పిల్లలు వచ్చి నిలబడగానే అదే తీసుకుంటుంది. క్యూఆర్ కోడ్ కొడితే ఫోటోలు ఫోన్లోకి వచ్చేస్తాయి" అన్నాడు. ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ సంగతి ఫోన్లో చూపించాడు. 2004 నుంచి అక్కడ ఫోటోపాస్ అనే పేరుతో ఫోటోగ్రాఫర్లను పెట్టి నడిపిన పని అది. 2020 మొదట్లో కొన్ని వేషాల దగ్గర మనుషుల్ని తీసి ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. అంతటివాళ్ళే పెట్టాక మనమెంత, అన్నాడు. ఇంటికొచ్చి చదివాను, నిజమే. డిస్నీలోని కోట ముందు ఫోటోలు మాత్రం మనుషులే తీస్తారని కూడా అక్కడే చదివాను. ఆ ముక్క మేనేజరు చెప్పలేదు.

ఆ పెట్టె బిగించి, వెలుతురు చూసి, సెట్టింగు పెట్టి అప్పగిస్తే నాకు 25,000 ఇస్తారట. నెలకోసారి వచ్చి చూసి వెళ్తే 1,500. ఒప్పుకుంటే మేనల్లుడి పని నా చేత్తో నేనే తీసేసినట్టు. ఒప్పుకోకపోతే విశాఖ నుంచి ఇంకెవరో వచ్చి బిగిస్తారు, పని ఎలాగూ పోతుంది.

నాకు కష్టంగా ఉన్నదేమిటో కూడా చెప్తాను. పోయిన సంక్రాంతికి గజపతినగరం వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. మూడేళ్ళ గుంట, పట్టులంగా, జడకి బంతిపూలు. ఎలుగుబంటిని చూడగానే వాళ్ళమ్మ చీర కుచ్చిళ్ళలో ముఖం దాచేసింది. నాన్న లాక్కొస్తుంటే గుక్కపట్టి ఏడుస్తోంది. మావాడు కెమెరా మెడకి వదిలేసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లెన్సు మూత తీసి ఆ గుంట చేతిలో పెట్టి, "దీన్ని ఎలుగ్గొడ్డుకి ఇచ్చీ, దాందే, పారేసుకుంది" అన్నాడు. గుంట కాసేపు మూత వంక చూసింది, ఎలుగుబంటి వంక చూసింది. మెల్లగా చెయ్యి చాపింది. ఎలుగుబంటి వంగి ఆ మూత తీసుకుని ముక్కుకి అంటించుకుంది. గుంట పకపకా నవ్వింది. మావాడు తీసింది మూడే మూడు ఫ్రేములు, మూడూ ప్రింటు వేయించుకున్నారు.

ఇది మావాడు కనిపెట్టింది కాదు. మా పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి, అంటే దసరా వెళ్ళిన మంగళవారం, పులివేషాల పక్కన పిల్లల్ని నిలబెట్టి ఫోటోలు తియ్యడం నేను మా గురువు దగ్గర నేర్చుకున్నాను. రోలుకి 36 ఫోటోలే. గుంట ఏడుస్తుంటే మీట నొక్కితే డబ్బు దండగ. "ఒరే, ముందు నువ్వు పులికి సెయ్యియ్యి, నువ్విస్తే ఆ గుంటా ఇస్తాది" అనీవోరు గురువుగారు. అదే నేను మావాడికి నేర్పాను. ఆ పని పెట్టెకి ఎలా నేర్పాలి?

ఇంకొకటి. తెల్ల వేషం పక్కన మన పిల్లల ముఖాలు ఆటోమేటిక్‌లో సరిగ్గా వస్తాయా? ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

ఏడురోడ్ల కలర్ ల్యాబ్:

అన్నయ్యా, నమస్తే. మాది శ్రీకాకుళం. ముందు ఆఖరి ప్రశ్నకి చెప్తాను, ఎందుకంటే అలాంటి ప్రింట్లు నా మెషీన్ మీద నుంచి చాలా వెళ్ళాయి.

ఆటోలో పెడితే రావు. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు తన ముందున్నదంతా కలిపి మధ్యరకం బూడిదరంగులోకి తేవాలని చూస్తుంది. ఫ్రేములో సగం తెల్ల ఎలుగుబంటే ఉంటే, అమ్మో వెలుతురు ఎక్కువైందని అంతా తగ్గించేస్తుంది. ఎలుగుబంటి మాసిన దుప్పటిలా, పిల్ల ముఖం నల్లగా వస్తాయి. మీవాడైతే చూసుకుని ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపు, పెంచుతాడు. మాన్యువల్‌లో పెట్టి వదిలేద్దామంటే మీది రేకుల షెడ్డు. నాలుగింటికి పడమటెండ ఏటవాలుగా లోపలికి వస్తుంది, ఆరు దాటితే లైట్ల వెలుతురే. నాలుగింటికి సరిపోయిన సెట్టింగు ఆరున్నరకి పనికిరాదు. కనీసం మూడుసార్లు ఎవరో ఒకరు మార్చాలి. లేదంటే షెడ్డుకి పడమటి పక్క తెర కట్టించి, రెండు పెద్ద లైట్లు పెట్టి, మొదట్నుంచీ ఆ వెలుతురు మీదే నడపాలి.

స్తంభానికి ఎంత ఎత్తున బిగిస్తారో అడిగావా? పెద్దవాళ్ళ తల ఎత్తున బిగిస్తే పిల్లలు పై నుంచి చూసినట్టు పడతారు, తల పెద్దదిగా, కాళ్ళు కురచగా. మూడడుగుల ఎత్తు దాటనియ్యకు. ముఖం గుర్తుపట్టే ఫోకస్ కొన్నిసార్లు వేషం ముఖాన్నే ముఖం అనుకుంటుంది. లెన్సు రంధ్రం ఎఫ్ 8కి తగ్గించి, నిలబడే చోట నేల మీద గీత గీయించు, ఫోకస్ ఆ గీతకే కట్టేయ్.

ఇక అసలు మాట. ఒప్పుకో, కానీ 25,000కి ఒప్పుకోకు. ప్రింటు మీద వాటా అడుగు. నా దగ్గరికి ఒక ఎగ్జిబిషన్ నుంచి ఇలాంటి పెట్టె ఫోటోలే వచ్చేవి. కుటుంబానికి నలభై ఫ్రేములు! ఒకేలా ఉన్న నలభైలో ఏది మంచిదో వాళ్ళు తేల్చుకోలేక, ఇంటికెళ్ళి చూస్తామని వెళ్ళిపోయేవారు. మళ్ళీ వచ్చినవాళ్ళు తక్కువ. మీవాడు తీసిన మూడూ అమ్ముడయ్యాయంటే వాడు తీసేటప్పుడే ఏరేశాడన్నమాట. మేనేజరుకి ఆ లెక్క చూపించు.

పొందూరు అమ్మాయి:

బాబాయ్ గారూ, మీ ఎలుగుబంటిలాంటి వేషం లోపల రెండు సెలవుల సీజన్లు నేను పనిచేశాను. విశాఖలో, వేరే పార్కులో. డిగ్రీ చదువుకుంటూ ఫీజు కోసం వెళ్ళేదాన్ని. అందుకే ఇది మీకు తప్పకుండా చెప్పాలి.

వేషం తలలో మనకి కనిపించేది నోటి దగ్గర జాలీలోంచే. అరచెయ్యంత చోటు. ఎదురుగా నిలబడ్డ పెద్దవాళ్ళ నడుము కనిపిస్తుంది, అంతే. నా కాళ్ళు నాకు కనిపించవు. మోకాలి ఎత్తున్న పిల్లలు దగ్గరికొస్తే అస్సలు కనిపించరు. మాట్లాడకూడదు. లోపల చెమట కళ్ళలోకి కారుతుంది, తుడుచుకోడానికి ఉండదు. మెడకి తడి తువ్వాలు చుట్టుకుని అరగంట లోపల, అరగంట బయట.

నాకు కళ్ళు ఫోటో తీసే అన్నయ్యే. మా ఇద్దరికీ చిటికెల లెక్క ఉండేది. ఒక చిటిక వేస్తే కిందకి వంగాలి. రెండు వేస్తే పాప ఎడమ పక్కన ఉంది. మూడు వేస్తే కదలకుండా నిలబడాలి, పాప కాళ్ళ దగ్గరుంది. జనానికి అది పిల్లల్ని నవ్వించడానికి వేస్తున్న చిటికెలానే ఉండేది.

రెండో సీజన్లో ఆ అన్నయ్యని తీసేసి పెట్టె పెట్టారు. రెండో ఆదివారమే జరిగింది. ఒక బాబు నా వెనక్కి వెళ్ళి దాక్కున్నాడు. నాకు తెలీదు. చప్పట్లు వినిపించి అటు తిరిగాను, నా తోక తగిలి వాడు మెట్టు అంచు మీద పడ్డాడు. గడ్డం చీరుకుపోయింది. ఏడుపు వినిపిస్తోంది, ఎక్కడి నుంచో తెలియడం లేదు. అడుగు వేస్తే తొక్కేస్తానేమోనని రాయిలా నిలబడిపోయాను. వాళ్ళమ్మ నన్ను కొడుతోంది, తలలోపల ఆ దెబ్బలు డప్పులా మోగుతున్నాయి. టికెట్లు చూసే ఆయన వరస చివరి నుంచి పరిగెత్తుకొచ్చేదాకా నేను అలాగే ఉన్నాను. తర్వాత నెల మానేశాను.

పెట్టె అంతసేపూ ఫోటోలు తీస్తూనే ఉంది బాబాయ్ గారూ. బాబు పడిపోయింది కూడా అందులో ఉంది.

మీరు బిగించండి, బిగించకపోండి. వేషం పక్కన ఒక మనిషి మాత్రం ఉండాలని గట్టిగా చెప్పండి. ఈ మాట వాళ్ళకి మీరు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. లోపల ఉన్నవాళ్ళని ఎవరూ అడగరు.

పలాస నుంచి ఫ్లోరిడా:

అన్నగారూ, నేను కొంచెం వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు. మాది పలాస, ఉద్యోగం ఇక్కడ. మా అబ్బాయికి ఆటిజం. ముక్కూముఖం తెలియని మనిషి ఎదురుగా కూర్చుని, చిటికె వేసి, ఇటు చూడు నవ్వు అంటే చెవులు మూసుకుని కింద పడుకుంటాడు. ఇక్కడ పార్కుల్లో నాలుగుసార్లు ప్రయత్నించాం, నాలుగుసార్లూ కళ్ళనీళ్ళతో బయటికొచ్చాం. ఒకచోట మాత్రం ఫోటోగ్రాఫరు లేడు, గోడలో కెమెరా ఉంది. వాడు వేషం చెవి పట్టుకుని, తన లోకంలో తనుండి, ఆ చెవి మెత్తగా ఉందని పదేపదే తడిమాడు. ఆ ఫోటో మా హాల్లో ఉంది. మేం నలుగురం ఒకే ఫోటోలో ఉన్నది కూడా అదే, ఎప్పుడూ ఫోను పట్టుకుని నేనే బయట ఉండిపోతాను గనక.

అందుకని పెట్టెని పూర్తిగా వద్దనకండి. మీవాడు పక్కన ఉండి, ఏ పిల్లాడి దగ్గరికి వెళ్ళాలో, ఎవరికి దూరంగా ఉండాలో చూసుకుంటే మాలాంటివాళ్ళకి కూడా మేలు.

బొబ్బిలి వకీలు:

ఒక చిన్న విషయం. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్ళలోపు వాళ్ళ వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని రాసి ఉంది. మీవాడు తీసేటప్పుడు తల్లి పక్కనే ఉండి సరే అంటోంది. పెట్టె అడగదు, వరసలో ఉన్నవాళ్ళని కూడా తీస్తుంది. ఫోటోలు ఎక్కడ దాస్తారు, ఎన్నాళ్ళకి చెరిపేస్తారు, వరస మొదట్లో బోర్డు పెడతారా, ఇవి కాగితం మీద రాయించుకోండి. ఏం తియ్యాలో, ఎందుకు వాడాలో నిర్ణయించేది పార్కు గనక బాధ్యత వాళ్ళది. బిగించినవాడిదేనని రేపు మీ మీద తొయ్యకుండా ఆ మాట కూడా రాయించండి.

మూడులాంతర్ల ఫోటో:

అందరికీ దణ్ణం. మూడు వారాల తరవాత రాస్తున్నాను.

పొందూరు అమ్మా, నువ్వు రాసింది రాత్రి చదివి నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళకి పైగా వేషాల పక్కన ఫోటోలు తీశాను, లోపలివాళ్ళకి ఏం కనిపిస్తుందో ఒక్కసారైనా అడగలేదు. మర్నాడు పార్కుకి వెళ్ళి ఎలుగుబంటి తల నేను పెట్టుకుని చూశాను. మేనల్లుణ్ణి ముందు నిలబడమంటే వాడి బెల్టు కనిపించింది. తరవాత మేనేజరు చేత పెట్టించాను. ఆయనకి నాలుగేళ్ళ కూతురుంది. తల తీశాక కాసేపు మాట్లాడలేదు. "మనిషి ఉంటాడు లెండి" అన్నాడు. నీ మాట చెప్పాల్సిన పని కూడా పడలేదమ్మా.

పెట్టె బిగించాను. మూడడుగుల ఎత్తున ఇనుప స్టాండు చేయించి, ఎఫ్ 8, నేల మీద పసుపు గీత, పడమటి పక్క తెర. ల్యాబ్ తమ్ముడు చెప్పినట్టే. దానంతటది తియ్యదు, మీట రిమోటు మావాడి చేతిలో ఉంటుంది. చేతిలో కెమెరా లేదు గనక వాడు పిల్లల పక్కనే, నేల మీదే కూర్చుంటున్నాడు. చిటికెల లెక్క ఎలుగుబంటి లోపలి కుర్రాడికి నేర్పాం. పలాస తమ్ముడూ, దగ్గరికి రావద్దనుకునే పిల్లలుంటే ముందే చెప్పమని వరస దగ్గర అడుగుతున్నాం. మొన్న ఒకళ్ళు చెప్పారు, మావాడు స్తంభం వెనక నుంచి తీశాడు. ప్రింటుకి 120లో మాకు 30 ఒప్పుకున్నారు. ముందుకంటే తక్కువే, గాని ఒప్పుకున్నాను. వకీలు గారు చెప్పినవి రాయించాను, బోర్డు కూడా పెట్టారు.

ఒక్కటి మిగిలిపోయింది. రిమోటు పట్టుకోవడానికి ఒక్క మనిషి చాలు. రెండో కుర్రాడికి పని లేదు. వాడిది నెల్లిమర్ల, తండ్రి లేడు, ఇద్దరు చెల్లెళ్ళు. పెళ్ళిళ్ళ రోజుల్లో నేను పిలుస్తాను, మూఢం వస్తే నా దగ్గరా పనుండదు. కలర్ కరెక్షన్ బాగా చేస్తాడు, ఆల్బమ్ డిజైన్ వచ్చు. ల్యాబ్ తమ్ముడూ, నీ దగ్గర ఏమైనా ఖాళీ ఉందా?

ఏడురోడ్ల కలర్ ల్యాబ్:

బుధవారం పంపు అన్నయ్యా. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగి ఫోన్ చెయ్యమను. వాడు చేసిన ఆల్బమ్ ఒకటి తెమ్మను, చూస్తాను.