మగచేప మేత మానేసింది, నీళ్లలో చెయ్యి పెడితే జివ్వుమంటోంది

ప్రశ్న (బరంపురం): మా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో బాంగ్గాయ్ కార్డినల్ చేపల జత. వారంగా మగది మేత ముట్టడం లేదు, గొంతు కింద ఉబ్బింది. ఏ మందు వెయ్యాలి? ఇంకో చిన్న విషయం. నీళ్లలో చెయ్యి పెడితే వేలి మీద గీరుకున్న చోట సన్నగా జివ్వుమంటోంది. చెప్పులేసుకుంటే ఏమీ ఉండదు. ఉప్పు వల్లేనా?

జవాబు (పర్లాకిమిడి): తమ్ముడూ, చేప సంగతి తర్వాత. అది ఉప్పు మంట కాదు, కరెంటు. చెప్పులేసుకుంటే తెలియట్లేదంటే లీకు పోయిందని కాదు, నీ ఒంట్లోంచి నేలకు దారి దొరకలేదని. తొట్టిలో చెయ్యి పెట్టకు. మెయిన్ ఆపి, చేతులు తుడుచుకుని హీటరు, పంపు, లైటు ప్లగ్గులన్నీ పీకెయ్. ఉత్త స్విచ్ ఆపితే చాలదు. పాత ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ వైరుకి పెట్టి ఉంటే, ఆపినా ఫేజు నీళ్లదాకా వస్తూనే ఉంటుంది.

అడిగినవారు: పీకేశానన్నా. హీటరు గాజు పగిలి ఉంది. మరి ఎంసీబీ ఎందుకు పడలేదు?

జవాబు (పర్లాకిమిడి): ఎంసీబీ ఓవర్‌లోడుకీ షార్ట్‌కీ పడుతుంది. మనిషిని చంపేంత కరెంటు దానికి లెక్కే కాదు. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించు, ఎర్తింగ్ కూడా చూపించు. ఎర్తుకి కలిపిన టైటానియం రాడ్ నీళ్లలో ముంచితే చాలని షాపుల్లో చెబుతారు, ఆర్‌సీసీబీ లేకుండా దాన్ని నమ్ముకోవద్దు. హీటరుకి అతుకు వెయ్యకు, పారెయ్. ప్లగ్ బోర్డు తొట్టి కింద ఉంటే పక్క గోడకి మార్చు. వైర్లు బోర్డుకి ఎక్కేముందు కిందికి వంపు తిరిగి వేలాడాలి, కారిన నీళ్లు అక్కడే బొట్లుగా రాలిపోతాయి.

జవాబు (రాయగడ): ఈ ఎండల్లో హీటరు లేకపోయినా ఫర్వాలేదు. నీటి కదలిక ఆగితేనే చేపలకి ఊపిరాడదు. బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టండి. తుఫాన్లొచ్చే ఊరు, ఎలాగూ ఒకటి ఉండాలి.

ఇక మగచేపకి జబ్బేమీ ఉన్నట్టు లేదు. ఈ జాతిలో గుడ్లు మోసేది తండ్రే, అదీ నోట్లో. గుడ్లు పొదగడానికి సుమారు మూడు వారాలు, పిల్లలయ్యాక ఇంకో పది రోజులదాకా నోట్లోనే ఉంచుకుంటుంది. అన్నాళ్లూ ఉపవాసమే. టెన్షన్ పడి మందులు వెయ్యకండి, వలతో తరమకండి, బెదిరితే గుడ్లు ఉమ్మేస్తుంది. అయితే ఒంటి రంగు నల్లబడి, ఊపిరి వేగంగా తీస్తూ మూల పడి ఉంటే అది వేరే కథ. సముద్రంలో పట్టి తెచ్చిన వాటికి ఇరిడోవైరస్ అనే వైరస్ జబ్బు ఎక్కువ, దానికి మందు లేదు.

పిల్లలు బయటికొచ్చిన రోజే మేతకి అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్యల్లాంటివి) కావాలి, ముందే సిద్ధం చేసుకోండి. సొంత చోట ఈ చేపలు సముద్రపు ముళ్లకాయల (సీ అర్చిన్ల) ముళ్ల మధ్య దాక్కుంటాయి. ఇంట్లో నల్ల కేబుల్ టైలు గుత్తిగా కట్టి పెడితే సరి. ఎవరైనా పగడం తెచ్చి పెట్టమంటే వినకండి, అది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది.

అడిగినవారు: పిల్లలు ఎక్కువైతే గోపాల్‌పూర్ సముద్రంలో వదలొచ్చా?

జవాబు (రాయగడ): వద్దండీ. ఇవి ఇండోనేషియాలో బాంగ్గాయ్ దీవుల చుట్టుపక్కలే పుట్టిన చేపలు, 2007 నుంచి ఐయూసీఎన్ (ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ) అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చింది. అంత అరుదైనా, వ్యాపారుల చేతుల్లోంచి ఇండోనేషియాలోనే వేరే చోటున్న లెంబే జలసంధిలో పడి అక్కడా పెరిగిపోయాయి. పెంచేవాళ్లకి ఇచ్చెయ్యండి. తొట్టిలో పెరిగిన పిల్లల్నే జనం వెతుక్కుంటారు.