ఒలింపిక్ నేషనల్ పార్కు పక్కనున్న రోడ్లు లేని అడవులకు వైల్డర్‌నెస్ చట్టం అవసరమా?

కొండవాగు:
వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటున్న తెలుగువారిలో చాలామంది వేసవిలో ఒక్కసారైనా ఒలింపిక్ నేషనల్ పార్కులోని హరికేన్ రిడ్జ్‌కో, హో లోయలోని వర్షారణ్యానికో వెళ్లివస్తారు కనుక ఈ ప్రశ్నను ఇక్కడ చర్చకు పెడుతున్నాను. ఆ పార్కును చుట్టుకొని, కేంద్ర అటవీ సంస్థ అయిన ఫారెస్ట్ సర్వీస్ అధీనంలో ఒలింపిక్ నేషనల్ ఫారెస్ట్ ఉంది. అందులో ఇప్పటికీ రోడ్డు పడని అడవులతో సహా సుమారు 1,26,500 ఎకరాలను వైల్డర్‌నెస్‌గా (అంటే రోడ్లు, యంత్రాలు రాకుండా చట్టం కాపాడే అడవిగా), 19 నదులను ముఖ్యమైన ఉపనదులతో కలిపి రక్షిత నదులుగా ప్రకటించాలన్న వైల్డ్ ఒలింపిక్స్ బిల్లును 2012లో సెనేటర్ పాటీ మర్రీ, ప్రతినిధి నార్మ్ డిక్స్ తొలిసారి ప్రవేశపెట్టారు. ప్రతినిధుల సభ దానిని ఇతర బిల్లులతో కలిపి 2020లోనూ 2021లోనూ ఆమోదించినా అది చట్టం కాలేదు. అది చట్టం కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. పార్కు హద్దుల్లోకి మంచు శిఖరాలు, ఎత్తైన లోయలు చేరాయి గానీ, పెద్ద చెట్లు పెరిగే పల్లపు అడవుల్లో చాలా భాగం హద్దు బయటే ఉండిపోయింది. చలికాలంలో రూజ్‌వెల్ట్ ఎల్క్ అనే పెద్ద దుప్పుల మందలు దిగివచ్చేదీ, సాల్మన్ చేపలు గుడ్లు పెట్టేదీ ఈ పల్లంలోనే. మీ అభిప్రాయాలు చెప్పండి.

హోక్వియమ్ వాసి:
కొండవాగు గారూ, ఈ అడవుల అంచున పదేళ్లుగా మందుల దుకాణంలో పనిచేస్తున్న వాడిగా నా అభ్యంతరాలు రాస్తున్నాను. 1990లో మచ్చల గుడ్లగూబను ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించడం, 1994లో ప్రభుత్వ అడవుల్లో ఏది కోయాలో ఏది కాపాడాలో చెప్పే నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ ప్లాన్ అమలులోకి రావడంతో ప్రభుత్వ అడవుల్లో కలప కోత బాగా పడిపోయింది. ఆ మార్పు వల్ల పని పోగొట్టుకున్న కుటుంబాల పెద్దలు ఇప్పుడు నా దుకాణానికి మందుల కోసం వస్తారు. వారికి వైల్డర్‌నెస్ అన్న మాట వినబడితే, సియాటిల్ వాళ్లు మరో తలుపు మూస్తున్నారనే అనిపిస్తుంది. అది మొండితనం కాదని మనవి. ఇక అసలు విషయానికి వస్తే, ఈ భూముల్లో ఎక్కువ భాగం ఆ ప్లాన్ కింద ఇప్పటికే రక్షణలో ఉన్నప్పుడు కొత్త చట్టం అదనంగా ఇచ్చేది ఏమిటి? పైగా 2025 జూలైలో కుష్మన్ సరస్సు దగ్గర మొదలైన బేర్ గల్చ్ మంట 20 వేల ఎకరాలను కాల్చింది. రోడ్డు లేకపోతే ఫైరింజన్ ఎలా చేరుతుంది? గతంలో నరికి మళ్లీ నాటిన చోట్ల చెట్లు కిక్కిరిసి పెరిగి నేలకు వెలుతురు అందడం లేదు. అక్కడ పలచన చేయాలంటే యంత్రం కావాలి, వైల్డర్‌నెస్‌లో యంత్రానికి చోటు లేదు.

కొండవాగు:
మీ మొదటి మాటను గౌరవంతో స్వీకరిస్తున్నాను. అదనంగా వచ్చేది ఏమిటన్న ప్రశ్నకు ఈ ద్వీపకల్పపు చరిత్రలోనే జవాబు ఉంది. 1909లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఎల్క్‌ల కోసం ఇక్కడ మౌంట్ ఒలింపస్ నేషనల్ మాన్యుమెంట్ అనే రక్షిత ప్రాంతాన్ని ఒక ప్రకటనతో ఏర్పాటు చేశారు. ఆరేళ్లు దాటగానే, 1915లో, ఉడ్రో విల్సన్ మరో ప్రకటనతో దాన్ని దాదాపు సగానికి తగ్గించారు. 1938లో కాంగ్రెస్ చట్టం ద్వారా పార్కు ఏర్పడిన తరువాతనే ఆ రక్షణ నిలబడింది. రోడ్లు లేని అడవులకు ఇప్పుడున్న ముఖ్యమైన కవచం, కొత్త రోడ్లనూ కోతనూ చాలావరకు ఆపే 2001 నాటి రోడ్‌లెస్ నిబంధన. దేశమంతటా 5.85 కోట్ల ఎకరాలకు వర్తించేలా వచ్చిన ఆ నిబంధన కాంగ్రెస్ చేసిన చట్టం కాదు, వ్యవసాయ శాఖ పెట్టుకున్న నియమం. 2025 జూన్‌లో ఆ శాఖ కార్యదర్శి బ్రూక్ రోలిన్స్ దాన్ని రద్దు చేస్తామని ప్రకటించారు. మీరు చెప్పిన ఫారెస్ట్ ప్లాన్‌కు కూడా 2024లో సవరణ ముసాయిదా వచ్చింది. 1909 నాటి అడవికి జరిగినదే దీనికీ జరగవచ్చునన్నది నా భయం.

రోడ్డు గురించి నా ఆందోళన కోతతో ఆగదు. పడమటి లోయల్లో ఏటా సుమారు 350 సెంటీమీటర్ల వాన కురుస్తుంది. ఏటవాలు కొండను తొలిచి రోడ్డు వేసినప్పుడు తవ్విన మట్టిని అంచుకు పోస్తారు, వాగు దాటే చోట కల్వర్టు పెడతారు. కొట్టుకొచ్చిన కొమ్మలతో కల్వర్టు మూసుకుపోతే నీరు రోడ్డు మీదికెక్కి ఆ పోసిన మట్టినంతా వాగులోకి ఈడుస్తుంది. సాల్మన్ గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. ఆ సందుల్లో ఒండ్రు నిండితే గుడ్లకు ప్రాణవాయువు అందదు. ఇది పర్యావరణ ప్రేమికుల మనోభావం మాత్రమే కాదు. అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1855 ఒప్పందాలతో చేపలు పట్టే హక్కును నిలుపుకున్న ఇక్కడి ఆదివాసీ తెగలకు, పట్టదగిన చేపల్లో సగం వాటా ఉందని 1974లో ఫెడరల్ జడ్జి బోల్ట్ తీర్పు చెప్పారు. రాష్ట్రం వేసిన కల్వర్టులు చేపలకు అడ్డుపడుతున్నాయి కనుక సరిచేయాలన్న కింది కోర్టుల ఆదేశం 2018లో సుప్రీంకోర్టులో నిలబడింది.

మంటల విషయంలో 1964 వైల్డర్‌నెస్ చట్టమే అవసరమైన నియంత్రణ చర్యలను అనుమతిస్తుంది. బేర్ గల్చ్ మంట మనుషుల వల్ల మొదలైంది. రోడ్డు వెళ్లిన చోటికి మనుషులూ వెళతారు కదా. పలచన చేయడం గురించి మీరన్నది మాత్రం నిజం. అందుకే బిల్లులో, ఇంకా పనులు మిగిలి ఉన్న కొన్ని భూములను వెంటనే చేర్చకుండా కాబోయే వైల్డర్‌నెస్‌గా విడిగా ఉంచారు.

సైకిల్‌దారి:
నాది చిన్న అభ్యంతరం. 1964 చట్టం మోటారు వాహనాలతో పాటు యాంత్రిక రవాణాను కూడా నిషేధించింది, ఆ మాట కింద సైకిల్ కూడా చేరింది. గుర్రం వెళ్లే దారిలో సైకిల్ ఎందుకు వెళ్లకూడదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సైకిళ్లు తిరుగుతున్న ట్రైల్ ఒక్కటి కూడా హద్దులోకి రాకుండా గీస్తే నేను బిల్లును సమర్థిస్తాను.

అమ్మతో ప్రయాణం:
మా అమ్మగారు నడవలేరు. 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైల్డర్‌నెస్‌లో చక్రాల కుర్చీని నిషేధించడం లేదని స్పష్టంగా చెబుతున్నా, రాళ్ల దారిలో ఆ హక్కు మాకు అక్కరకు రాదు. అయినా నేను కొత్త రోడ్డు అడగడం లేదు. హో వర్షారణ్యం దాకా ఉన్న రోడ్డు కొట్టుకుపోయినప్పుడల్లా బాగుచేస్తే చాలు, అమ్మ ఆ పెద్ద చెట్ల కింద కూర్చోగలరు.

హోక్వియమ్ వాసి:
1909, 1915 సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు కృతజ్ఞతలు. ప్రకటనకూ చట్టానికీ ఉన్న తేడాను అంగీకరిస్తున్నాను. ముదురు అడవులున్న సౌత్ క్వినాల్ట్ రిడ్జ్, మూన్‌లైట్ డోమ్ వంటి చోట్లను వైల్డర్‌నెస్ చేయడానికి ఇకపై నాకు అభ్యంతరం లేదు. నాటి పెంచిన అడవుల విషయంలో మాత్రం నా మాట మారదు. నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ ప్లాన్ రక్షిత భాగాల్లో కూడా 80 ఏళ్ల లోపు చెట్లను పలచన చేయనిస్తుంది. ఆ పనికీ, పాడుబడిన రోడ్లను తవ్వి కల్వర్టులు తీసి వాలును తిరిగి సరిచేసే పనికీ కావలసినది ఒకప్పుడు అవే రోడ్లు వేసిన ఎక్స్‌కవేటర్ డ్రైవర్లే. ఏటా ఇంత పని, ఇన్నేళ్లపాటు, మా గ్రేస్ హార్బర్ కౌంటీ మనుషులకే అని బిల్లులో రాసి నిధులు చూపించండి. అప్పుడు ఆ కాగితాన్ని మా దుకాణం కౌంటరు మీద నేనే పెట్టి, వచ్చినవారికి చదివి వినిపిస్తాను.