యుద్ధ పరిహారం ఫ్రాన్స్ కట్టింది, జర్మనీ ఎందుకు కట్టలేకపోయింది?

నమస్కారం. పదో తరగతికి సోషల్ చెబుతాను. ఒక పాప అడిగిన ప్రశ్నకు రెండు రోజులుగా జవాబు వెతుకుతున్నాను. 1871లో జర్మనీ చేతిలో ఓడిన ఫ్రాన్స్ 500 కోట్ల ఫ్రాంకుల పరిహారాన్ని 1873 సెప్టెంబరుకల్లా తీర్చేసింది. బాండ్లు అమ్మితే స్వదేశీయులూ విదేశీయులూ ఎగబడి కొన్నారు. మరి మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ మీద 1921లో 13,200 కోట్ల బంగారు మార్కులు వేస్తే రెండేళ్లు తిరగకుండానే వాయిదాలు తప్పాయి, 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు జర్మనీ పారిశ్రామిక ప్రాంతమైన రూర్‌లో దిగాయి.

అందులో 8,200 కోట్లు 'సి' బాండ్లు, అంటే జర్మనీకి కట్టే స్తోమత వచ్చాకే జారీ చేయాల్సిన అప్పు పత్రాలు; అవి వసూలయ్యేవి కావని అప్పుడే చాలామందికి తెలుసట. అంటే అసలు భారం 5,000 కోట్లే కదా? అది కూడా కట్టలేకపోయారా, కట్టడం ఇష్టం లేకపోయిందా? ఎగుమతులతో విదేశీ డబ్బు సంపాదించే దారి మూసుకుపోవడమే కారణమని నాకనిపిస్తోంది. ఆర్థిక చరిత్ర తెలిసినవాళ్లు పదిహేనేళ్ల పిల్లకు అర్థమయ్యేలా చెప్పగలరా? సోమవారం క్లాసు ఉంది, ఆ పాపకు తప్పు చెప్పకూడదని టెన్షన్‌గా ఉంది.