ఎం.ఏ. సంగీతంలో ల్యాప్‌టాప్ కచేరీకి నాలుగు క్రెడిట్లు: మనోధర్మంలోంచి తియ్యాలా?

గాత్రం_టీచర్:
నేనొక విశ్వవిద్యాలయంలో గాత్రం చెబుతాను. ఏదన్నది అనవసరం. వచ్చే వారం సిలబస్ కమిటీ కూర్చుంటోంది. ఎం.ఏ. రెండో ఏడాదిలో ‘సాంకేతికతతో ప్రదర్శన’ అని నాలుగు క్రెడిట్ల ప్రాక్టికల్ పెట్టాలని ప్రతిపాదన వచ్చింది. రికార్డింగు, ఎడిటింగు, లూపర్ (పాడిన ముక్కని పట్టి మళ్లీ మళ్లీ మోగించే పరికరం) మీద పాడటం, ఆన్‌లైన్ కచేరీ, చివర్లో ఇరవై నిమిషాల ప్రదర్శన. వినడానికి బాగానే ఉంది. చిక్కల్లా ఆ నాలుగు క్రెడిట్లూ ఎక్కడినుంచి వస్తాయన్నదే. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించి పాడే సంగీతం, దాని ప్రాక్టికల్‌ని ఎనిమిది క్రెడిట్ల నుంచి నాలుగుకి దించుతారట. అంటే రాగం తానం పల్లవి ఒక్క సెమిస్టర్‌లో అయిపోవాలి. మీరైతే ఎటు చెయ్యెత్తుతారు? ఒకళ్లనొకళ్లు తిట్టుకోకుండా చెప్పండి.

బిరడ_తిప్పేవాడు:
చెయ్యెత్తడం కాదమ్మా, లేచి బయటికి వచ్చెయ్యండి. పల్లవికి ఒక సెమిస్టరా? నాకు మా గురువుగారు తోడి రాగం ఒక్కటే పద్నాలుగు నెలలు చెప్పారు, ఇప్పటికీ గాంధారం పట్టుకుంటే భయమే. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాలు, ద్వారం వేంకటస్వామినాయుడుగారు వయొలిన్ ఆచార్యులు. అక్కడ చదువుకున్న ఘంటసాల ఏ మీట నొక్కి పాడారు? పిల్లలకి కావలసింది సాధకం, సాఫ్ట్‌వేర్ కాదు.

బెజవాడ_సౌండ్:
బిరడగారూ, నమస్కారం. ఇరవై రెండేళ్లుగా సభల్లో మైకులు పెడుతున్నాను, కాబట్టి కాస్త చనువు తీసుకుంటాను. నాయుడుగారి చేతిలో వయొలిన్ ఎక్కడిదండీ? పడమటినుంచి ఓడెక్కి వచ్చిందే కదా. ఇవాళ అది పక్కన లేకపోతే కచేరీయే మొదలవదు. హార్మోనియం సంగతి చూడండి. గమకం, అంటే స్వరంలోని ఊపు, పలకదని ఆలిండియా రేడియో 1940లో బయటికి నెట్టింది, 1971 దాకా తలుపు తియ్యలేదు, తీశాక కూడా సోలోకి ఒప్పుకోలేదు. పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకొచ్చినప్పుడు కూడా ఇది మన వాద్యమా అని నొసలు చిట్లించినవాళ్లున్నారు. తరవాత వాళ్లే ముందు వరసలో కూర్చుని తల ఊపారు.

ఇక నా గోడు. ఎం.ఏ. చేసిన గాయకుడు వేదికెక్కి నాతో అనే ఒకే ఒక్క సాంకేతిక మాట: ‘ఎకో కొంచెం పెంచు బాబూ’. మానిటర్‌లో, అదే గాయకుడివైపు తిప్పి పెట్టే స్పీకర్‌లో, తన గొంతు వినబడకపోతే దేన్ని పెంచమనాలో తెలీదు. వీణకి కాంటాక్ట్ మైకు అంటించుకుని, స్పీకర్‌కి ఎదురుగా కూర్చుని, కూత పెడితే నావైపు ఉరిమి చూస్తారు. మైకుకి మూరెడు దూరం జరిగితే నీ మంద్రస్థాయి ఏమవుతుందో నాలుగు పూటలు కూర్చోబెట్టి చెప్పినా చాలు. దానికి నాలుగు క్రెడిట్లు మాత్రం అక్కర్లేదు, అది నేనూ ఒప్పుకుంటాను.

ఓరుగల్లు_పిల్ల:
నేను ఎం.ఏ. చేసి మూడేండ్లయింది. గోల్డ్ మెడల్ వచ్చింది. ఇంట్ల గోడకు వేలాడుతోంది, దుమ్ము తుడుస్తున్నం. ఇప్పుడు నాకు నెలకు ఇంత అన్నం పెడుతున్నది ఇంట్లో చిన్న గదిల పరుపులు నిలబెట్టుకుని చేసే రికార్డింగ్ పనే. పెండ్లి పాటలు, బడి పిల్లల పాటలు, ఇతర దేశాల వాళ్లకు సరళీ స్వరాల నుంచి వర్ణాల దాకా పాఠాల ఆడియో. ఇదంతా యూట్యూబ్ చూసి నేర్చుకున్న. యూనివర్సిటీల రెండేండ్లు ఉండి మైకు ఎట్ల పట్టుకోవాలో కూడా నేర్వకపోతే ఆ తప్పు ఎవరిది? బోస్టన్‌లోని బర్క్‌లీ కళాశాలల కంప్యూటర్‌నూ, దాన్ని వాయించే మీటల పెట్టె కంట్రోలర్‌నూ ప్రధాన వాద్యంగా తీసుకుని డిగ్రీ చెయ్యొచ్చట. చెన్నైల రెహమాన్ గారు 2008ల పెట్టిన కేఎం కన్సర్వేటరీలో కూడా సంగీతంతో పాటు టెక్నాలజీ చెప్తరు. మనం మాత్రం ఇంకా ‘మిషనా, ఛీ’ అంటున్నం. కోపంగా రాసిన, ఏమనుకోకండి సార్.

గాత్రం_టీచర్:
కోపం న్యాయమైనదేనమ్మా. ఒక్క తేడా మాత్రం చూడు. బర్క్‌లీలో అది ప్రధాన వాద్యం. అంటే వీణ విద్యార్థికి వీణ ఎలాగో, ఆ కుర్రాడికి అది అలాగ. వేరొకరి వీణలోంచి గంటలు కోసి దానికివ్వరు. మా ప్రతిపాదనలో జరుగుతున్నది ఆ కోతే.

ఎడిసన్_అమ్మ:
న్యూజెర్సీ నుంచి. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉన్న గురువుగారి దగ్గర ఆరేళ్లుగా జూమ్‌లో నేర్చుకుంటోంది. మొదటి ఏడాదంతా గురువుగారికి మా వైపు తంబుర వినబడేది కాదు. పిల్ల శ్రుతి పెట్టుకోకుండా పాడుతోందని చీవాట్లు! పిల్ల ఏడుపు. చివరికి తేలిందేమిటంటే, ఆగకుండా మోగే శబ్దాన్ని జూమ్ ఫ్యాను చప్పుడనుకుని తీసేస్తోంది. సెట్టింగుల్లో సంగీతం కోసం ‘ఒరిజినల్ సౌండ్’ అని ఒకటుంటుంది, అది పెట్టాక ఆ పోయిన శ్రుతి తిరిగొచ్చింది. ఈ ఒక్క ముక్క సంగీతం ఎం.ఏ.లో చెబితే సముద్రాల అవతల ఎంతమంది పిల్లలకి కన్నీళ్లు తప్పుతాయో!

ఇంకొకటి అడగాలి. ఇద్దరూ కలిసి పాడితే తాళం ఎప్పుడూ కుదరదు. ఇంటర్నెట్ స్పీడు రెండుసార్లు పెంచుకున్నాం. మా వారికి బిల్లు పెరిగింది తప్ప తాళం కలవలేదు.

ఫిజిక్స్_మాస్టారు:
ఎడిసన్ అమ్మగారూ, మూడోసారి పెంచకండి. హైదరాబాద్ నుంచి మీకు సుమారు 13,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. దారి తిన్నగా ఉన్నా ఒకవైపుకే 65 మిల్లీ సెకన్లు, రానూ పోనూ 130. దారి వంకరలు, యంత్రాల ఆలస్యం కలిపితే ఇంకా ఎక్కువ. ఇటు నిమిషానికి 60 అక్షరాల (తాళం దెబ్బల) కాలంలో, అక్షరానికి నాలుగు స్వరాలు పాడితే ఒక్కో స్వరం 250 మిల్లీ సెకన్లు. అంటే మీ అమ్మాయి ‘గ’ అనేసరికి గురువుగారు ‘మ’ దగ్గరికి పోయి ఉంటారు. గాలిలో ధ్వని 10 మీటర్లు పోవడానికి 29 మిల్లీ సెకన్లు పడుతుంది. ఇంచుమించు ఆ ఆలస్యం దాటితే ఇద్దరు కలిసి వాయించడం కష్టమవుతుంది. ఒకే ఊళ్లో ఉన్న ఇద్దరికి ఆలస్యం బాగా తగ్గించి ధ్వని పంపే జాక్‌ట్రిప్ లాంటి సాఫ్ట్‌వేర్లు పనికొస్తాయి. ఖండాలు దాటితే గురువు పాడాక శిష్యురాలు పాడటమే మార్గం. మన చెప్పే పద్ధతి ఎలాగూ అదే కదా, అదృష్టవంతులం.

అసలు చర్చకి వస్తే, ఈ ప్రతిపాదనలో లూపర్, ఎడిటింగు ఉన్నాయి గాని కొలత లేదు. నా బాధ అది. గొంతు శ్రుతిని సరిదిద్దే ఆటోట్యూన్ 1997లో తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు నిక్షేపాల కోసం భూమిలోని తరంగాలు విశ్లేషించిన మనిషి. ఆ గణితంతోనే గొంతు ఏ శ్రుతిలో ఉందో పట్టాడు. కాని ఆ పరికరం పలకాల్సిన స్వరస్థానాల్ని ముందే గళ్లు గీసుకుని కూర్చుంటుంది. బిరడగారి తోడి గాంధారాన్ని దానికి అప్పజెప్పండి. రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగే స్వరాన్ని పట్టి ఒక గడిలో మేకు కొడుతుంది. మిగిలింది తోడి కాదు.

అదే కంప్యూటర్‌తో స్వరాన్ని సరిదిద్దడం మాని, అది ఎలా ఊగిందో గీత గీయించండి. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ‘ప్రాట్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం; ఉచ్చారణ మీద పనిచేసేవాళ్లకి బాగా తెలిసినదే, మీ భాషాశాస్త్ర విభాగంలో అడగండి. గురువు పాడిన సంచారం, శిష్యుడు పాడినది ఒకదాని కింద ఒకటి గీయిస్తే ఊపు ఎక్కడ తెగిందో కంటికి కనబడుతుంది. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో మొదలుపెట్టిన కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టులో మన కర్ణాటక రాగాలనీ ఇలాగే విశ్లేషించారు, ఐఐటీ మద్రాసు వాళ్లు కూడా అందులో పనిచేశారు. బార్సిలోనాలో తోడి గీతలు చూస్తుంటే మనం ఎం.ఏ.లో లూపర్ నొక్కిద్దామంటున్నాం.

బిరడ_తిప్పేవాడు:
మాస్టారూ, మీరు చెప్పినది నాకు కాస్త గుచ్చుకుంది. గీత చూసి గమకం రాదు, అది చెవినుంచి గొంతుకి రావాలి. కాని గురువు ‘తప్పు’ అన్నప్పుడు ఎక్కడ తప్పో తెలియక గుడ్లప్పగించిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ మేరకు ఒప్పుకుంటాను.

మరి శ్రుతి మాటేమిటి? పోయినేడు ఒకచోట పరీక్షకుడిగా వెళ్లాను. అమ్మాయి బాగా పాడింది, ఫోన్‌లో తంబుర పెట్టుకుని. ఐదు శ్రుతి, పంచమం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మూలన నిజం తంబుర కనబడితే ‘అది కాస్త శ్రుతి చెయ్యమ్మా’ అన్నాను. పంచమం తీగ ఏదో, సారణి ఏదో తెలీదు. బిరడ ముట్టుకోలేదు. చేతులు వణికాయి. నేనే చేసిచ్చాను. మార్కులు తగ్గించలేదు, ఆ పిల్ల తప్పేముంది? కాని మీట నొక్కితే వచ్చే శ్రుతికి అలవాటుపడ్డ చెవి, పది సెంట్లు (అరస్వరంలో పదో వంతు) పక్కకి పోయిన శ్రుతిని లాక్కొచ్చి కలిపే పని ఎప్పుడు నేర్చుకుంటుంది?

బెజవాడ_సౌండ్:
ఎలక్ట్రానిక్ తంబుర చేసినాయన కూడా వేణువు వాయించే మనిషేనండి, బెంగళూరు రాజ్ నారాయణ్ గారు. 1979 నాటి మాట. రైల్లో నిలువెత్తు తంబుర మోసేవాళ్ల నడుములు ఆయన కాపాడారు. పల్లెటూరి వేదిక మీద ఐదుగురు ఎక్కాక తంబురకి చోటెక్కడ?

ఫిజిక్స్_మాస్టారు:
వేదిక మీద పెట్టెనే ఉండనివ్వండి, తరగతిలో తీగ ఉండాలి. సి.వి. రామన్ 1921లో దీనిమీదే రాశారు. తీగను ఒకచోట మీటితే, ఆ బిందువు దగ్గర కదలకుండా ఉండే ఉపస్వరాలు (అసలు స్వరంతో పాటు సన్నగా మోగే పై స్వరాలు) పుట్టకూడదని యంగ్–హెల్మ్‌హోల్ట్జ్ నియమం. తంబురలో పుడతాయి! తీగల్ని మోసే వెడల్పాటి గుర్రం వంపు, తీగ కింద జరిపే ఆ దారప్పోగు, వీటి మాయ అది. దారాన్ని వెంట్రుకవాసి జరిపితే నాదం విప్పారుతుంది, ఇంకాస్త జరిపితే చచ్చిపోతుంది. మీరు టెక్నాలజీ ప్రాక్టికల్ పెట్టేటట్టయితే మొదటి పాఠం అదే పెట్టండి. దారం జరుపుతూ రికార్డు చెయ్యండి, ఉపస్వరాలు తెరమీద చూడండి. మీ లూపర్ కన్నా వెయ్యిరెట్లు పెద్ద టెక్నాలజీ ఆ పోగు.

ఓరుగల్లు_పిల్ల:
ఇది మాకు ఎవరైనా చూపించి ఉంటే బాగుండు. నిజంగా. ఆ పరీక్షల వణికిన అమ్మాయి నేను కాదు గాని, నేనే అయి ఉండొచ్చు.

కానీ బతుకుదెరువు మాట మళ్లీ పక్కకు పోయింది, చూసిన్రా? ఉపస్వరాలు చూస్తే అద్దె కట్టలేం. మైకు, ఎడిటింగ్, కాంట్రాక్టుల సంతకం ఎక్కడ పెట్టొద్దో, ఇవి కూడా ఉండాలె.

గాత్రం_టీచర్:
ఉండాలె. సరే, నేను కమిటీకి పట్టుకెళ్లేది ఇది. మనోధర్మం ఎనిమిదీ కదపకూడదు. రెండు క్రెడిట్ల ప్రాక్టికల్ విడిగా పెట్టాలి: సగం తంబుర శ్రుతి, రికార్డింగు, గీతలు, సగం మైకు, ఎడిటింగు, ఓరుగల్లు అమ్మాయి చెప్పిన సంతకాల సంగతి. ఆ రెండు క్రెడిట్లూ మొదటి ఏడాది ‘పరిశోధనా పద్ధతులు’ పేపర్‌లోంచి వస్తాయి. ఆ పేపర్ చెప్పేది నేనే, ఏడుపేదో నేనే ఏడుస్తాను. లూపర్ ఇష్టమున్నవాళ్లు ప్రాజెక్టుగా తీసుకోవచ్చు. నెగ్గుతుందని హామీ ఏమీ లేదు, ల్యాబ్ సామాన్ల జాబితా అప్పుడే తయారైపోయింది.

జాబితా చూశాను. కంప్యూటర్లు పన్నెండు, హెడ్‌ఫోన్లు పన్నెండు, కంట్రోలర్లు ఆరు. మా విభాగంలో తంబురలు మూడున్నాయి. రెండింటికి తీగల్లేవు, ఒకదానికి గుర్రం ఊడింది. దగ్గర్లో బాగుచేసేవాళ్లెవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి, జాబితాలో అడుగున రాసేస్తాను.

బిరడ_తిప్పేవాడు:
ఊరు చెప్పండమ్మా. తీగలు నేనే తెస్తాను.